ఊరికే

మా యారాలు, అంటే మా ఆయన అన్న భార్య, నాతో మాటలు మానేసి పోయిన చలికాలానికి చాలా ఏళ్లయింది. ఒకే వాకిట్లో రెండు ఇళ్లు మావి. మధ్యలో ఒకటే నల్లా. పొద్దున నీళ్లొచ్చే వేళకు ఆమె బిందె, నా బిందె పక్కపక్కనే ఉండేవి. ఆమె నింపుకుని పోయాక నేను పెట్టేదాన్ని. నేను ముందొస్తే ఆమె అవతల నిలబడి ఎటో చూసేది.

మేము తిట్టుకున్నదీ లేదు, కొట్టుకున్నదీ లేదు. నేను చర్చికి పోవడం మొదలుపెట్టి, మంజీర నదిలో బాప్తిస్మం తీసుకున్న ఏడాది పోచమ్మ బోనాలకు బోనం ఎత్తలేదు. అత్త పోయాక ఆ ఇంటి బోనాలు మా ఇద్దరి తల మీదే ఉండేవి. ఆ రోజు ఆమె ఒక్కతే ఎత్తుకుని పోయింది. చుట్టాలు నన్నేమీ అనలేదు, ఆమెనే అన్నారు. "పెద్దకోడలివి ఉండి చిన్నదాన్ని ఆపలేకపోతివా" అని పదిమందిలో అడిగారు. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. మర్నాటి నుంచి నాతో మాట లేదు.

నేను చర్చికి ఎందుకు పోయానో కూడా చెప్పాలి. పెళ్లయ్యాక నాకు కడుపు నిలవలేదు. నిలిచినట్టే నిలిచి పోయేది. నిజామాబాద్ దవాఖానల చుట్టూ తిరిగి, మొక్కని దేవుడు లేక, చివరికి ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక ఇంట్లో పడి ఉండేదాన్ని. అప్పుడు పక్క గల్లీలో ఉండే ఒక అవ్వ చేయి పట్టుకుని ప్రార్థనకు తీసుకెళ్లింది. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. చాప మీద కూర్చుని ఏడ్చాను, ఏడవనిచ్చారు. ఆ తర్వాత ఏడాది తిరిగేసరికి మా బిడ్డ పుట్టింది.

ఆ రోజు నుంచీ నాకు ఒక బుగులు, లోలోపల ఒక భయం, పట్టుకుంది. బిడ్డను దేవుడిచ్చాడు, సరే. మరి దానికి తగ్గట్టు నేనేం చేస్తున్నాను? ఆదివారం అందరికంటే ముందు పోయి చర్చి ఊడ్చేదాన్ని. చాపలు పరిచేదాన్ని. కూటం అయ్యాక అందరూ పోయిందాకా ఉండి అన్నీ సర్దేదాన్ని. క్రిస్మస్ అన్నం గంజి నేనే వంచాలి, అరుగులు నేనే కడగాలి. బిడ్డకు జ్వరమొస్తే ఆ వారం నా పనిలో ఎక్కడ లోటు జరిగిందా అని వెతుక్కునేదాన్ని. దొరక్కపోతే ఉపవాసం ఉండేదాన్ని. అందరూ నన్ను భక్తురాలు అనుకునేవారు. భక్తి అయితే ఉంది, లేదనను. కానీ దాని అడుగున బుగులుంది. నేను కొంచెం చేయి దించితే ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడేమో అన్న బుగులు. మా చర్చి పాస్టరు అయ్యగారు ఎన్నో ఆదివారాలు కృప గురించి చెప్పారు. మనం చేసినదానికి కూలిగా వచ్చేది కాదు, ఊరికే వచ్చేది అని చెప్పేవారు. ముందు వరుసలో కూర్చుని తలూపేదాన్ని. అది ఇంకెవరికో చెబుతున్నట్టే ఉండేది నాకు.

పోయిన చలికాలం, క్రిస్మస్ ఇంకా కొన్ని వారాలుందనగా, చర్చి అరుగు కడుగుతున్నాను. సబ్బు నీళ్ల మీద కాలు జారింది. పడ్డప్పుడు తొడలో ఏదో పుటుక్కుమన్న శబ్దం నాకే వినిపించింది. లేవబోతే కాలు నాది కానట్టుంది. మా ఆయన రైస్‌మిల్లు నుంచి పరుగెత్తుకొచ్చాడు. బాన్సువాడలో ఎక్స్‌రే ఫోటో తీసి, తొడ ఎముక విరిగింది, నిజామాబాద్ తీసుకుపొమ్మన్నారు. అక్కడ ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా ఆయనతో గట్టిగా చెప్పాడు, మళ్లీ తాను చూసి సరే అనేదాకా ఆ కాలు నేలకు ఆనించొద్దని.

అంబులెన్సులో ఇంటికొస్తూ పైకప్పు చూస్తూ పడుకున్నాను. నొప్పి కంటే ఎక్కువ బాధపెట్టింది ఒకటే మాట. దేవుడి అరుగు కడుగుతూ పడ్డాను. ఆయన పని చేస్తుంటేనే పడేశాడంటే, నేనింకా ఏం తక్కువ చేశాను?

అది వానాకాలం వడ్లు మిల్లుకొచ్చే కాలం. లారీలు వరుస కట్టి ఉంటాయి. మా ఆయన అక్కడ గుమస్తా, సెలవంటే కుదరదు. బిడ్డ నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది, దానికి పరీక్షలు. వచ్చేస్తానంటే నేనే వద్దన్నాను. మొదటి రెండు రోజులు మా ఆయన ఉండి నా పనులన్నీ చేశాడు. ఆయనకు చేతకాదు, నాకు సిగ్గు. బెడ్‌ప్యాను పెట్టేటప్పుడు ఇద్దరం చెరో గోడ చూసేవాళ్లం. చర్చి ఆడవాళ్లు వచ్చారు, కూరలు తెచ్చారు, ప్రార్థన చేశారు. వాళ్లు అడిగితే "అన్నీ అయినయ్, ఏం ఫికర్ లేదు" అని అబద్ధం చెప్పాను. ఇన్నేళ్లూ నేను వాళ్లకు చేసినదాన్ని. వాళ్ల చేత ఒళ్లు కడిగించుకోవడం నా వల్ల కాదు.

ఆ మర్నాడు మా ఆయన తప్పనిసరై మిల్లుకు పోయాడు. పక్కన నీళ్ల చెంబు, ఫోను పెట్టి, మధ్యాహ్నం వస్తానని చెప్పాడు. ఆయన బండి చప్పుడు దూరమైందో లేదో తలుపు తోసుకుని మా యారాలు వచ్చింది. రెండు చేతుల్లో రెండు బకెట్లు, పొగలొస్తున్న నీళ్లు. వాటిని మంచం పక్కన దించి, కొంగు నడుముకు దోపింది.

"దుప్పటి తియ్యి" అంది.

అన్నేళ్ల తర్వాత నాతో ఆమె అన్న మొదటి మాట అది.

"అక్కా, నువ్వెందుకు..." అనబోయాను.

"సప్పుడు చేయకు. ఎట్లున్నవో సూస్కున్నవా? ఎన్నొద్దులైంది తానం చేసి?"

"డాక్టరు కదలొద్దన్నడు."

"నిన్నెవలు కదలమన్నరు? నేను కదిలిస్త. ఆ కాలు నేను వట్టుకుంట, నువ్వు జర ఇటు ఒరుగు."

ఆమె తువ్వాలు ముంచి పిండి, ముందు నా ముఖం తుడిచింది. మెడ, చేతులు, వీపు. వీపు మీద చెమటకు మంటపుడుతున్న చోట రెండుసార్లు మెల్లగా అద్దింది. తర్వాత మిగతాదంతా, నేను మా ఆయనకు కూడా చూపించలేక దాచుకున్నదంతా, పసిపిల్లకు చేసినట్టు చేసింది. ముక్కు మూసుకోలేదు, ముఖం తిప్పుకోలేదు. పక్కబట్ట మార్చింది. విప్పినవి మూటగట్టి నల్లా దగ్గరకు తీసుకుపోయింది. ఉతుకుతున్న చప్పుడు వింటూ నేను ఏడ్చాను. దేనికని చెప్పలేను. ఒళ్లు తేలికైంది, అది మాత్రం గుర్తుంది.

ఆమె తిరిగొచ్చి తల దువ్వడానికి కూర్చుంది. అప్పుడు అడిగాను, "ఎందుకొచ్చినవ్ అక్కా?"

"ఏమో" అంది, చిక్కు తీస్తూ. "పొద్దుగాల నీళ్లు కాగబెట్టిన. జర ఎక్కువైనయ్. ఊకెనె తెచ్చిన." ఊరికేనట.

"గంతేనా?"

"గంతే. ఇంకేం కావాలె? తల తిప్పకు."

అప్పటి నుంచి రోజూ వచ్చేది. పొద్దున నాకు కావలసినవన్నీ చేసి, తన ఇంట్లో వంట చూసుకుని, బీడీల చాట పట్టుకుని మళ్లీ వచ్చి నా మంచం పక్కన కూర్చునేది. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేది. ఆమె వేళ్లు ఆగేవి కావు, నోరూ ఆగేది కాదు. అన్నేళ్ల కబుర్లు ఆమె దగ్గర పోగుపడి ఉన్నాయి. ఎవరి పిల్లకు పెళ్లయింది, ఏ ఇల్లు ఎవరు కొన్నారు, బావకు షుగర్ ఎట్లా బయటపడింది, అన్నీ చెప్పింది. బోనాల మాట మాత్రం ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని నేను ఎదురుచూశాను కూడా. ఆమెకు ఆ అవసరం కనబడినట్టు లేదు.

ఒక మధ్యాహ్నం అయ్యగారు చూడటానికి వచ్చారు. యారాలు చాట తీసుకుని వంటింట్లోకి పోయి కూర్చుంది. నేను ఆయనతో నా బాధ చెప్పుకున్నాను. "పండుగ దగ్గరపడ్డది అయ్యగారూ. అరుగులు సగంలనే ఉండె. అన్నం ఎవలు చూస్తరు? నేను గిట్ల పడి ఉంటి."

ఆయన నవ్వారు. "అరుగులు కడిగినమమ్మా. అన్నం ఎట్లనన్న ఉడుకుతది. ఈసారి మీరేం చేయకుంట పండుగ చేస్కోండ్రి."

"ఏం చేయకుంట ఎట్ల అయ్యగారూ?"

"అదే నేర్చుకోవాలె మనం" అన్నారు. ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

ఆయన పోయాక యారాలు వంటింట్లోంచి అంది, "మీ అయ్యగారు మంచిగనే చెప్పిండు. పండుమంటే పండుకోనీకి గంత కష్టమేంది నీకు?"

అయినా నా బుద్ధి పోలేదు. ఆమె చేస్తున్నదానికి నేనేదో ఒకటి చేయకపోతే నాకు ముద్ద దిగడం లేదు. మా ఆయనకు చెప్పి బజారు నుంచి ఒక చీర తెప్పించాను. ముదురాకుపచ్చ, ఎర్రంచు, ఆమెకు నచ్చే రంగులు. మర్నాడు ఆమె నాకు తల దువ్వి లేవబోతుంటే, పసుపు కుంకుమ పొట్లంతో కలిపి చేతిలో పెట్టాను. నేను కుంకుమ పెట్టుకోను, ఆమె పెట్టుకుంటుంది కదా అని ఆ సంగతి కూడా ఆలోచించి తెప్పించాను.

ఆమె చీర వంక చూసింది, నా వంక చూసింది. ముఖం ఎర్రబడింది.

"ఇదేంది?"

"నీకే అక్కా. ఇన్నొద్దుల సంది చేస్తున్నవ్..."

"చీర పెట్టి సాగనంపుతున్నవా నన్ను? నేను నీ ఇంటికి చుట్టపుదాన్నై వచ్చిన్నా?"

"గట్ల కాదక్కా..."

"ఎట్ల మరి? నేను చేసిన, నువ్వు పెట్టినవ్, ఇగ లెక్క సాఫ్. గంతేనా? మల్ల రేపటి సంది నల్లా కాడ నువ్వెవరో నేనెవరో?"

చీరను నా మంచం కాళ్ల వైపు పెట్టి, చాట తీసుకుని వెళ్లిపోయింది.

నేను ఆ రోజంతా ఆ చీరను చూస్తూ పడుకున్నాను. మధ్యాహ్నం రాలేదు. మా ఆయన వచ్చి అన్నం పెట్టి పోయాడు. ఆమె ఇక రాదనుకున్నాను. నాకు దొరికినదాన్ని నా చేతులారా పోగొట్టుకున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను. సాయంత్రం వాకిట్లో దీపం వెలిగే వేళకు తలుపు చప్పుడైంది. ఆమే. చేతిలో వేడివేడి జొన్నరొట్టె, మీద పచ్చిపులుసు గిన్నె.

"కోపమొస్తే బువ్వ వెట్టరా మనిషికి?" అని ఆమే అని, ఆమే కూర్చుంది. "లే, జర పైకి జరుగు. వీపు కింద మెత్త పెడత."

రొట్టె తుంచి పెడుతుంటే తిన్నాను. ఏమీ అనలేదు. థాంక్స్ అనే మాట కూడా నోట్లోంచి రాలేదు. ఆమె పెట్టడం, నేను తినడం, అంతే. ఆమె ముఖంలో ఏ వెలితీ లేదు. పైగా తృప్తిగా ఉంది. నేను తింటుంటే ఆమెకు చాలన్నట్టుంది. నాకప్పుడు అనిపించింది, ఇన్నేళ్లూ దేవుడికి కూడా నేను చీరలు పెడుతూ వచ్చానేమో. ఆయన ఇచ్చిన ప్రతిదానికీ వెంటనే ఒకటి తెచ్చి చేతిలో పెట్టి, చుట్టాన్ని చూసినట్టు చూశానేమో. ఈ ఆలోచన నాకు కొత్తగా ఉంది, కొంచెం భయంగానూ ఉంది. ఎవరితోనూ అనలేదు.

పరీక్షలు అయిపోయి బిడ్డ ఇంటికొచ్చింది. బస్టాండు నుంచి ఆటోలో వచ్చి, సంచి గుమ్మంలో వదిలేసి నా మీద పడింది. ఆ రాకతో ఇల్లు నిండింది. దాని చేతే యారాలు ఆ చీర తెప్పించుకుని, "నీ పెండ్లికి కట్టుకుంట, అప్పటిదాంక మీ ఇంట్లనే ఉంచు" అని చెప్పి మా బీరువాలో పెట్టించింది.

ఒక మధ్యాహ్నం నేనూ బిడ్డా ఇద్దరమే ఉన్నాం. బిడ్డ నా కాలికి డాక్టరు చెప్పినట్టు చిన్నగా వ్యాయామం చేయిస్తోంది. నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట దానితో చెప్పేశాను. "నాకొక బుగులున్నది బిడ్డా. నేను చర్చి పని బంద్ చేస్తే నీకేమన్న అయితదేమో అని. నువ్వు పుట్టినప్పటి సంది ఉన్నది. గిప్పుడు గిన్ని వారాలాయె ఏం చేయక. నువ్వు బస్సెక్కినవని ఫోన్ చేసినప్పుడల్ల నా పానం కొట్టుకుంటది."

అది చేయి ఆపి నా ముఖంలోకి చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కళ్లు నీళ్లతో నిండాయి.

"అంటే దేవుడు నన్ను నీకు కిరాయికిచ్చిండా అమ్మా? నెల నెల కట్టకపోతే ఖాళీ చేపిస్తడా?"

నేను దాని కళ్లు తుడవబోతే నా చేయి పక్కకు తీసేసింది.

"గట్ల ఇచ్చుడు ఎవలన్న ఇస్తరా? నువ్వు నన్ను గట్లనే పెంచినవా? నేను ఫెయిలైతే బువ్వ పెట్టకుండెనా నువ్వు? ఇంటర్ల లెక్కలు పోయినప్పుడు నాకు ఇష్టమని గారెలు చేసి పెట్టలేదా?"

"నువ్వు ఏడుస్తుంటివి బిడ్డా, గందుకే చేసిన."

"మరి! నీకున్నంత మనసు దేవునికి లేదా?"

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. దాని తల నా ఛాతీ మీద పెట్టుకుని పడుకున్నాను. కాలువకు నీళ్లు వదిలిన రోజులు, బయట యాసంగి వరినాట్లకు పోయే ఆడవాళ్లను ఎక్కించుకున్న ఆటో ఒకటి పాట పెట్టుకుని గల్లీలోంచి పోయింది. ఛాతీలో ఇన్నేళ్లుగా బిగుసుకుని ఉన్న పిడికిలి ఒకటి విప్పుకున్నట్టయింది. నా బిడ్డ నాదే. ఎవరూ వెనక్కి అడగడానికి రారు. దానికి రేపు ఏమైనా కష్టం రావచ్చు, మనుషులం కదా, వస్తుంది. కానీ అది నేను చాప సరిగా పరవలేదని వచ్చే శిక్ష కాదు. అంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు, ఒక విరిగిన ఎముక, ముగ్గురు మనుషులు కావలసొచ్చింది. తెలిసింది కదా, చాలు.

క్రిస్మస్ నాడు నన్ను చర్చికి తీసుకుపోయే వీలు లేకపోయింది. ఆరాధన అయ్యాక చర్చి నుంచి అన్నం, కూర, పాయసం గిన్నెల్లో వచ్చాయి. అన్నం కొంచెం ముద్దయింది. నేనైతే ఇట్లా వండేదాన్ని కాదు అని ఒక్క క్షణం అనిపించి, ఆ తర్వాత కడుపునిండా తిన్నాను. యారాలు కూడా మాతో కూర్చుని పాయసం తాగింది. "చక్కెర తక్కువైంది" అని ఒక మాట అని మళ్లీ పోయించుకుంది.

తర్వాత నెలలో డాక్టరు ఫోటో చూసి ఎముక అతికిందన్నాడు. వాకర్ పట్టుకుని నడవొచ్చన్నాడు. ఆ ఆదివారం మా ఆయన నన్ను ఆటోలో చర్చికి తీసుకుపోయాడు. గుమ్మం దగ్గర ఆడవాళ్లు చుట్టుముట్టారు. చాపలు అప్పటికే పరిచి ఉన్నాయి. కింద కూర్చోలేనని నాకు వెనక గోడ పక్కన కుర్చీ వేశారు. ముందు వరుస నుంచి కాక అక్కడి నుంచి చూస్తే చర్చి వేరే చోటులా కనిపించింది. పిల్లలు తల్లుల వీపులకు ఆనుకుని ఆడుకుంటున్నారు, ముసలివాళ్లు పాటలో ఒక చరణం వెనకబడి పాడుతున్నారు. కిటికీలోంచి ఎండ నా భుజం మీద పడుతోంది. నేను ఏమీ తేవలేదు, ఏమీ చేయలేదు, ఎవరూ ఏమీ చేయమనలేదు.

అయ్యగారు వాక్యం చెప్పడం మొదలుపెట్టారు. మొదటి రెండు మూడు మాటలు విన్నాను. కళ్లు తెరిచేసరికి జనం లేచి చెప్పులు వేసుకుంటున్నారు. ఎవరిదో శాలువా నా మీద కప్పి ఉంది. నేను గాభరాగా లేవబోతే అయ్యగారి భార్య భుజం మీద చేయి వేసి, "మెల్లగ అక్కా. అయ్యగారే అన్నరు, ఆమెను లేపకుండ్రి, నిద్రపోనియ్యండ్రి అని" అంది. ఇంతకుముందైతే నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయ్యేది. ఆ రోజు ఒళ్లు విరుచుకున్నాను. ఎంతో కాలానికి అంత గాఢంగా పట్టిన నిద్ర అది.

ఇంటికొచ్చేసరికి మా యారాలు వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వాకర్ టకటకమనిపిస్తూ నేను లోపలికొస్తుంటే తలెత్తింది.

"ఏం చెప్పిండు ఇయ్యాల మీ అయ్యగారు?"

"నాకెర్కలేదక్కా. నిద్రపోయిన."

"చర్చిలనా?"

"చర్చిలనే. అయిపోయేదాంక."

ఆమె ఒక క్షణం నన్ను చూసి, బియ్యం పక్కన పెట్టి, కడుపు పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. వాకర్ పట్టుకుని నిలబడి నవ్వితే కాలు నొప్పి పుట్టింది, అయినా నవ్వాను. మా ఆయన ఆటో పంపించి లోపలికొచ్చి, ఏమైందని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏంలేదయ్యా" అంది మా యారాలు, కళ్లు తుడుచుకుంటూ. "నీ పెండ్లాం పానం బాగైంది. కూసోండ్రి ఇగ, బువ్వ తిందాం."